అవ్వ కంటి కుట్లు, మా కారు కుదుపు

మా నాయన కారు తోలుతుంటే, పగ్గాలు ఇవ్వకుండా ఆయన్నెవరో మోసం చేసినట్టు ఉండేది. మలుపు వస్తే నోటితో అదిలించేవాడు. ఎత్తు వస్తే తనే లాగుతున్నట్టు ముందుకు వంగి పళ్ళు బిగించేవాడు. బుద్ధెరిగినప్పటి నుంచి ఎద్దులబండి తోలిన మనిషి మరి. డెబ్బైల నాటి మాట. చెరకు బాగా పండిన ఒక ఏడాది, అప్పటికే చాలా చేతులు మారిన నల్ల కారును తిరువళ్ళూరులో కొని, తిరుత్తణి పక్కన మా ఊరికి తెచ్చి, బండి ఉండే కొట్టంలోనే దానికీ చోటిచ్చాడు. వచ్చిన రోజే వెనక చక్రానికి పలుపుతాడు వేసి గుంజకు కట్టేశాడు కూడా. హ్యాండ్ బ్రేకు అనేది ఒకటుందని మా మామ వచ్చి చెప్పేదాకా ఆ తాడు విప్పలేదు.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. ఆవడిలో ఫ్యాక్టరీ ఉద్యోగం, పట్టాభిరామ్‌లో కాపురం. ఆదివారమైతే రైలెక్కి వచ్చేసేవాడు. అక్కను చూడటానికి అనేవాడు గానీ, బావను ఆటపట్టించడానికే వచ్చేవాడని నా అనుమానం. నేను అప్పుడే బడి చదువు ముగించి ఇంట్లో ఉన్నాను. బళ్ళో నేర్చింది తమిళం, ఇంట్లో మాట తెలుగు, తల నిండా మాత్రం ఆ కారే. బానెట్ ఎత్తితే చాలు, పొయ్యి మీద అన్నం వదిలేసి పరిగెత్తేదాన్ని. అమ్మ తిట్లు వెనక నుంచి వినపడుతూనే ఉండేవి.

శుక్రవారం వస్తే నాయన ఎద్దుల్ని కడిగి, బండి ఇరుసుకు కందెన పెట్టి, పసుపూ కుంకుమా పెట్టేవాడు. కారు వచ్చాక దానికీ అదే మర్యాద. పాత ఇంజను ఆయిలు గిన్నెలో పోసుకుని, కోడి ఈక పట్టుకుని కారు కిందికి దూరేవాడు. ఎక్కడ కీచుమంటే అక్కడ పూసేవాడు. వారం వారం ఒంటికి నూనె రాసుకున్న బిడ్డలా ఆ కారు అడుగంతా నల్లగా నిగనిగలాడేది. కానీ గుంతలో పడితే మాత్రం వెనకభాగం మొత్తం ఎగిరి, అటూ ఇటూ అదిరి, లోపలున్న మా పళ్ళు టకటకలాడేవి. "రోడ్డు అట్లా ఉండాది, కారేం చేస్తాది?" అనేవాడు నాయన. ఆయన ముందు ఆ కారును ఒక మాట అనే ధైర్యం మామకు తప్ప ఎవరికీ లేదు.

అమ్మ వాళ్ళమ్మ, మా అవ్వ, మా వీధి చివరి ఇంట్లో ఉండేది. తాత లేడు. ఒక కన్ను ఎప్పుడో నాటుమందు పోయించుకుని పోగొట్టుకుంది. రెండో కంటికి పొర కమ్మింది. వీధిలో పోయే మనిషిని గొంతును బట్టే పోల్చుకునేది. తిరువళ్ళూరు ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించాం. బాగా జరిగింది. అమ్మ పక్కనే ఉండి చూసుకుంటోంది. సోమవారం డాక్టరు నాయన్ని పిలిచి, ఆదివారం ఇంటికి తీసుకుపోవచ్చని చెప్పాడు. మంచాలు చాలడం లేదట. చెప్పి ఊరుకోలేదు. కంట్లో కుట్లున్నాయి, ఇంకో వారం తల అదరకూడదు, గట్టి కుదుపు తగిలి కుట్టు తెగితే ఆ చూపు మళ్ళీ రాదు, జాగ్రత్త అన్నాడు. అవ్వకున్నది ఆ ఒక్క కన్నే.

సంగతి తెలిసి మామ లీవు పెట్టి పరిగెత్తుకొచ్చాడు. రైలంటే అరక్కోణంలో తోసుకుంటూ ఎక్కే జనం. పైగా తిరుత్తణి స్టేషన్ నుంచి మా ఊరికి ఎద్దులబండే గతి.

"బాడుగ కారు మాట్లాడదాం బావా," అన్నాడు మామ.

నాయనకు రోషం పొడుచుకొచ్చింది. "ఇంట్లో కారు పెట్టుకోని మా అత్తను ఊరోళ్ళ కార్లో తెచ్చేదా? నలుగురూ నా మొహాన ఉమ్మరా?"

"నీ కార్లో తెస్తే అమ్మ ఇంటికొస్తాది, కన్ను దోవలోనే దిగిపోతాది!"

ఎప్పుడూ నవ్వే మామ ఆ మాట నవ్వకుండా అన్నాడు.  నాయన చొక్కా విప్పి గుంజకు తగిలించాడు. "సరే. శనివారం లోపల దీని కుదుపు మాన్పిస్తా. మానకపోతే నువ్వే బాడుగ కారు తెచ్చుకో, నేను నోరెత్తను," అన్నాడు.  భయం భయమే, కానీ ఆ కారును విప్పబోతున్నారనే సంబరం అంతకన్నా ఎక్కువ. దాచుకోవడమెందుకు, అప్పుడు నేను గెంతులు వేశాను.

మామ డిక్కీ మీద రెండు చేతులూ ఆనించి గట్టిగా అదిమి వదిలాడు. కారు కిందికి పోయింది, పైకి లేచింది, మళ్ళీ పోయింది, మళ్ళీ లేచింది. ఉయ్యాల ఆగేట్టు లేదు.

"చూసినావా? ఒక తూరి లేచి నిలబడిపోవాల. ఇది ఊగతానే ఉండాది. షాక్ అబ్జార్బర్లు పోయినాయి," అన్నాడు. స్ప్రింగు ఊగుతుంటే పట్టి ఆపే భాగాలట అవి. వాటిలో నూనె ఎప్పుడో కారిపోయింది. మరుసటి రోజు తిరువళ్ళూరు పోయి కొత్తవి తెచ్చి, వెనక రెండు పక్కలా బిగించారు. మామ మళ్ళీ అదిమి వదిలాడు. కారు ఒక్కసారి లేచి బుద్ధిగా నిలబడింది. నేను చప్పట్లు కొట్టాను. నాయన మీసం దువ్వుకున్నాడు. ముగ్గురం అప్పుడే అవ్వను తెచ్చేసినంత ఆనందపడ్డాం.

ఊరికే అదిమితే చాలదు, రోడ్డు మీద చూడాలని మామ అన్నాడు. ఎలా చూడటం? నేను ఇంట్లోకి పోయి కంచుచెంబు నిండా అంచుదాకా మజ్జిగ పోసుకొచ్చాను. వెనక సీట్లో అవ్వ కూర్చునే చోట కూర్చుని, చెంబును ఒళ్ళో నిలబెట్టుకుని, "పోనీ నాయనా!" అన్నాను. అవ్వ తల ఎంత అదురుతుందో మజ్జిగే చెబుతుందని నా లెక్క. మామ నన్ను మెచ్చుకుని ముందు సీటెక్కాడు.

ఊరి బాటలో చెంబు తొణకలేదు. రోడ్డెక్కాక కూడా తొణకలేదు. నేను లోలోపల ఎగిరిపడుతున్నాను. కనకమ్మసత్రం దగ్గర కల్వర్టు ముందు రోడ్డుకు అడ్డంగా ఒక గుంత ఉండేది. ఎంత నేర్పుగా తోలినా దాన్ని తప్పించుకునే వీలు లేదు. కారు అందులో మెత్తగానే దిగింది. పైకి లేచేటప్పుడు మాత్రం నా కింద ఎక్కడో 'లొటక్' మని మోగి, కారు నడుము పక్కకు విరిచినట్టు అదిరింది. చెంబులో మజ్జిగ సగం నా మొహాన, సగం మామ వీపున పడింది.

"అయ్యయ్యో!" అని మామ అరిచాడు. నాయన కారాపి వెనక్కి తిరిగి, నా కనురెప్పల మీద నుంచి కారుతున్న మజ్జిగ చూసి నవ్వబోయి, ఆగిపోయాడు. అక్కడ నా బదులు అవ్వ ఉండి ఉంటే అని ముగ్గురికీ ఒకేసారి తోచింది. 

మర్నాడు మామ టైర్ల తప్పన్నాడు. నాయన మళ్ళీ రోడ్డు తప్పన్నాడు. టైర్లు మార్చి చూశారు, గాలి తగ్గించి చూశారు, డిక్కీలో వడ్ల మూటలు వేసి చూశారు. బండి బరువుంటే ఎగరదని నాయన సిద్ధాంతం. కారు ఎగరడం కాస్త తగ్గింది గానీ ఆ లొటక్కు మాత్రం పోలేదు. చూస్తుండగానే శుక్రవారం వచ్చేసింది. అమ్మకూ అవ్వకూ అన్నం కారియర్ తీసుకుని, ముగ్గురం అదే కారులో లొటక్ లొటక్కుమంటూ ఆసుపత్రికి పోయాం.

ఇక్కడ మా వాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. మాలో అత్త అల్లుడితో ముఖాముఖి మాట్లాడదు. అది మర్యాద. అల్లుడు వస్తే తలుపు చాటుకు పోతుంది. మాట చెప్పాలంటే మధ్యలో మనిషి కావాలి. మా ఇంట్లో ఆ మనిషిని నేనే. నాయన కారు కొన్నప్పటి నుంచి అవ్వ ఎన్నోసార్లు ఎక్కింది, ఎప్పుడూ వెనక ఎడమ పక్కనే. "కారెట్లుండాదో మీ అవ్వనడుగు," అని నాయన నాతో అనడం, "బాగుండాదని చెప్పు," అని అవ్వ అనడం మామూలే. అల్లుడి కారుకు వంక పెట్టే అత్త మా వైపు ఎక్కడుంటుంది?

ఆ రోజు అవ్వ కళ్ళకు కట్టుతో వెల్లకిలా పడుకుని ఉంది. నాయన తలుపు దగ్గర నిలబడ్డాడు. కుదుపు కథంతా నేను చెప్పేశాను, మజ్జిగతో సహా. అవ్వ నవ్వబోతే తల కదులుతుందని అమ్మ కసిరింది. అవ్వ పైకప్పుకు చెబుతున్నట్టు మొదలుపెట్టింది.

"పాపా, మీ నాయన యాడుండాడు?"

"తలుపు కాడ ఉండాడవ్వా."

"వినపడతాదా?"

నాయన గొంతు సవరించుకున్నాడు. "వినపడతాదని చెప్పు."

"అయితే చెప్పు. కారు గుంతలో దిగేటప్పుడు ఏమీ కాదు. లేచేటప్పుడే నా ఎడమ తుంటి కింద తంతాది. కుడి పక్క ఏమీ లేదు. కొత్తల్లో ఆడ కిచకిచమనేది, తన్నేది కాదు. మీ నాయన నూనె పూసి పూసి కిచకిచ మాన్పించినాడు. అది మానినాంక తన్నడం మొదులుపెట్టింది. చెప్తే ఏమనుకుంటాడో అని ఇన్నాళ్ళూ చెప్పలా."

 మామ మెల్లగా మొహం తలుపు వైపు తిప్పాడు.

"బావా, ఆడ ఏం పూసినావు?"

"అన్నిటికీ పూసేదే. ఇంజనాయిలు."

"రబ్బరుకా?" మామ తల మీద చెయ్యి పెట్టుకున్నాడు. "స్ప్రింగు కొసల్లో రబ్బరు బుష్షులుంటాయి బావా! ఆయిలు తగిలితే రబ్బరు కుళ్ళిపోతాది!"

ముగ్గురం మెట్ల మీద దూకుతూ కిందికి పరిగెత్తాం. అన్నం కారియర్ నా చేతిలోనే ఉండిపోయింది. మళ్ళీ పైకి పోయి ఇచ్చేసి వచ్చాను. అంత ఆత్రం నాకు పరీక్ష ఫలితాల రోజున కూడా లేదు.

ఇంటికి రాగానే కారును కళ్ళంలో నిలబెట్టి, వెనక జాకీ పెట్టి లేపి, చెక్క దిమ్మెలు అడ్డం పెట్టారు. వెనక చక్రాల పక్కన ఇనుప పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చిన స్ప్రింగు ఉంటుంది. దాని కొసను కారు ఒంటికి బోల్టుతో తగిలిస్తారు. ఇనుముకూ ఇనుముకూ మధ్య మెత్తగా ఉండాలని అక్కడ రబ్బరు తొడుగు వేస్తారు. మామ కుడి పక్క సందులో గడ్డపార దూర్చి ఎత్తాడు. కదల్లేదు. ఎడమ పక్క దూర్చి ఎత్తాడు. స్ప్రింగు కొస వేలెడంత ఎగిరి 'లొటక్' మంది. నేను కారు కింద పడుకుని దీపం పట్టుకుని ఉన్నాను. అది కదలడం నా కళ్ళారా చూశాను. "దొరికింది! దొంగ దొరికింది!" అని అరిచిన అరుపుకు కొట్టంలో ఎద్దులు బెదిరాయి.

బోల్టు మీద నట్టు విప్పి, స్ప్రింగు కొసను పట్టి ఉంచే ఇనుప పలక తీసేసరికి రబ్బరు నాయన అరచేతిలోకి ముద్దముద్దగా రాలింది. బెల్లపు పాకంలా జిడ్డుగా, నల్లగా ఉంది. వేళ్ళ మధ్య నలిపితే నలిగిపోయింది. కుడి పక్క ఆయన చెయ్యి సరిగ్గా అందేది కాదు, అందుకే ఆ రబ్బరు బతికింది. ఎడమ పక్క వారం వారం ప్రేమగా పూసి పూసి తినేశాడు. ఇప్పుడు మామ ఏదో ఒకటి అంటాడని నేను ఎదురుచూశాను. మామ గడ్డపార పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకోమని బావకు గుడ్డ అందించాడు.

"మంచిదని చేసినానబ్బా," అన్నాడు నాయన. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. ఊళ్ళో ఎవరికీ తగ్గని మనిషి, ఆ ముద్దను చూస్తూ గొంతుకూర్చున్నాడు. నాకు ఆయన మీద జాలి పొంగుకొచ్చింది.

శనివారం పొద్దున అంగడి తలుపు తీసేసరికే మామ తిరువళ్ళూరులో ఉన్నాడు. అక్కడ ఆ బుష్షులు లేవన్నారు. మణవాళనగర్‌లో ఇంకో అంగడి ఉందంటే అక్కడికి నడిచి, కుడికీ ఎడమకూ కలిపి తెచ్చాడు. కుడి పక్క మామ సులువుగా మార్చేశాడు. ఎడమ పక్కకు వచ్చేసరికి నాయన అడ్డం నిలబడ్డాడు.

"ఈ పక్క నేను చూసుకుంటా. ఎవురూ రావద్దు."

"బావా, ఆ ముందరి బోల్టు తుప్పుపట్టి బిగుసుకోని ఉండాది. ఇద్దరం పడితే గానీ..."

"రావద్దన్నానా?"

కారు కింద నుంచి సుత్తి దెబ్బలు, మధ్యమధ్యలో తిట్లు వినపడ్డాయి. ఆ తిట్లు కారుకో, బోల్టుకో, తనకో తెలియలేదు. దెబ్బలు కాసేపు ఆగిపోయేవి, మళ్ళీ మొదలయ్యేవి. మామ చుట్టూ తిరుగుతూ పైనుంచి సలహాలిస్తున్నాడు. "ఆయిలు పెట్టొద్దు బావా, సబ్బునీళ్ళతో జారించు! నట్టు ఇప్పుడే బిగించొద్దు, కారును నేల మీదికి దించినాంక, బరువు పడినాంక బిగించాల!" సబ్బునీళ్ళు కలిపి అందించింది నేనే. ఆ గిన్నె అందుకున్నప్పుడు నాయన మోచెయ్యి మాత్రమే బయటికి వచ్చింది. ఎండ దిగేవేళకు పాక్కుంటూ బయటికొచ్చి, చేతులు తువ్వాలులో చుట్టుకుని, "ఎక్కు పాపా, చెంబు తెచ్చుకో," అన్నాడు.

సత్రం దాకా పోయాం. గుంతలో దిగాం. కారు మెత్తగా వంగి, మెత్తగా లేచింది. చప్పుడు లేదు. చెంబులోకి చూశాను. మజ్జిగ అంచుదాకా వచ్చి, ఒక్క చుక్క నా చీరకొంగు మీద పడి ఊరుకుంది. మామ కిటికీలోంచి తల బయటపెట్టి, రోడ్డున పోయే మనుషులు తిరిగి చూసేలా ఈల వేశాడు. నాయన కారు తిప్పి మళ్ళీ ఆ గుంతలోనే దించాడు. మళ్ళీ తిప్పాడు. ఆ చుట్టుపక్కల గొర్రెలు కాసుకునేవాళ్ళు మాకు పిచ్చెక్కిందనుకుని ఉంటారు. ఆ మజ్జిగను ముగ్గురం పంచుకుని తాగేశాం.

ఆదివారం అవ్వను కారెక్కించాం. తల అమ్మ ఒళ్ళో, కాళ్ళు నా ఒళ్ళో. మామ ముందు సీట్లో కూర్చుని, ప్రతి రాయికీ "మెల్లగా బావా, మెల్లగా," అంటున్నాడు.  నాయన మెడ నరాలు తాళ్ళలా బిగిసి కనిపిస్తున్నాయి. అంతకు ముందు ఎన్నిసార్లు పరీక్షించి చూసినా, అసలు మనిషి ఎక్కాక నేను ఆ లొటక్కు వినపడుతుందేమోనని చెవులు రిక్కించి కూర్చున్నాను. కల్వర్టు కనిపించింది. గుంత కనిపించింది. నేను అవ్వ పాదాలు రెండూ గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. కారు వంగింది, లేచింది.

కొంతదూరం పోయాక అవ్వ అడిగింది. "సత్రం గుంత వచ్చేటప్పుడు ముందే చెప్పు పాపా. గట్టిగా పట్టుకుంటా."

"దాటేసినామవ్వా! ఎప్పుడో దాటేసినాం!" అని నేను అరిచేశాను. అమ్మకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మామ నాయన భుజం మీద ఒక్కటి చరిచాడు. "చెయ్యి తియ్యరా, కారు తోలతా ఉండా," అన్నాడు నాయన. తిరుత్తణి కొండ కనిపించేదాకా మేం వాగుతూనే ఉన్నాం.

వారం తర్వాత అదే కారులో, అదే గుంత మీదుగా, కట్టు విప్పించడానికి పోయాం. కుట్లు నిలిచాయో లేదో అప్పటిదాకా ఎవరికీ తెలియదు. చిన్న గది. అవ్వ స్టూలు మీద, చుట్టూ మేమందరం. నాయన పద్ధతి ప్రకారం తలుపు దగ్గరే, ద్వారబంధానికి చెయ్యి ఆనించి నిలబడ్డాడు. డాక్టరు గుడ్డ మెల్లగా విప్పి, టార్చి వేసి చూసి, తల ఊపాడు. మందపాటి అద్దం ఒకటి కంటికి అమర్చి, వేళ్ళు చూపించి, "ఇది ఎత్తనై పాట్టీ?" అని తమిళంలో అడిగాడు.

అవ్వ పలకలేదు. ఎన్ని వేళ్ళో చెప్పమని డాక్టరు మళ్ళీ అడిగాడు. అవ్వ ఆయన చేతి వైపు చూడటమే లేదు. ఎటో చూస్తోంది. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.  అయిపోయింది, కన్ను పోయింది అనుకున్నాను.

"మీవి మూడు," అంది అవ్వ. ఆమె కన్ను ఇంకా తలుపు వైపే ఉంది. "ఆడ నిలబడినాయన బొటనవేలికి గోరు లేదు సామీ. పచ్చిపుండుగా ఉండాది. దానికి కూడా ఏమన్నా మందు పెట్టండి."

మేమందరం వెనక్కి తిరిగాం. ఆ తుప్పు బోల్టును కొట్టిన శనివారం నుంచి ఆ చేత్తోనే మా ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాడు, ఆ చేత్తోనే కారు తోలాడు. నాయన గబుక్కున చెయ్యి తువ్వాలు కిందికి లాక్కున్నాడు.